దొంగ సొత్తు, దొర ధర

2021 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో ఒక పాత కోల్ట్ రివాల్వర్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటి పలికింది. మన లెక్కన దాదాపు 44 కోట్లు. న్యూ మెక్సికో షెరీఫ్ పాట్ గారెట్ 1881 జులై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో, చీకటి గదిలో పేరుమోసిన దొంగ బిల్లీ ది కిడ్‌ను కాల్చింది దీనితోనేనట.

అసలు ముచ్చట వేరే ఉంది. ఈ రివాల్వర్ గారెట్ డబ్బు పెట్టి కొన్నది కాదు. అంతకు కొన్ని నెలల ముందు బిల్లీ ముఠా దొరికినప్పుడు, అందులోని బిల్లీ విల్సన్ దగ్గర గుంజుకున్నది. మన ఠాణా భాషలో సీజ్ చేసిన సొత్తు. పంచనామా రాసి, గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి కోర్టుకు అప్పజెప్పాల్సిన సామాను. మన దగ్గర ముద్దాయి బండిని ఎస్సై ఇంటికి తోలుకుపోతే పేపర్లో పడుతుంది. అక్కడ 140 ఏళ్లు ఓపిక పడితే వేలంలో పడుతుంది.

పాత ఇనుముకు కోట్లు పోసేవాళ్లను చూసి నవ్వే అర్హత మనకు ఉందా అంటే, అనుమానమే. పిడుగు పడ్డ రాగి చెంబు బియ్యాన్ని గుంజుతుందని, అంతరిక్ష పరిశోధనోళ్లు దాన్ని కోట్లకు కొంటారని నమ్మి డబ్బు పోగొట్టుకున్నోళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తక్కువేం లేరు. బియ్యానికి ముందే ఇనుప రజను పట్టిస్తారు. చెంబులో ఎక్కడో అయస్కాంతం దాస్తారు. గింజలు చెంబు వైపు పాకుతుంటే చూసేవాడి కళ్లు చెంబంత అవుతాయి. ఇక మొదలు: టెస్టింగు ఖర్చు, సైంటిస్టు రాకపోకల ఖర్చు, ఎవరూ వేసుకోని ప్లాస్టిక్ సూటు కిరాయి. లామినేషన్ చేసిన సర్టిఫికెట్ మాత్రం ఫ్రీ.

అమెరికావాడిదీ కాయిదం మీద నడిచే యాపారమే. ఇనుము ధర ఎంత? అది ఎవరిదో పేరు రాసిన కాయిదం ధరే అంతా. 2014లో అరిజోనాలో పాతకాలపు పోలీసు వయట్ ఎర్ప్‌దని చెప్పిన కోల్ట్ ఒకటి 2,25,000 డాలర్లకు పోయింది. అది గ్లెన్ బోయర్ అనే రచయిత సేకరణలోది. ఎర్ప్ భార్య స్వయంగా చెప్పుకున్న కథంటూ ఈయన తెచ్చిన పుస్తకంలో కల్పన పాలు ఎక్కువని గోల లేచి, అచ్చేసిన యూనివర్సిటీ ప్రెస్సే దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. పుస్తకానికి పోయిన పరువు పిస్తోలుకు అంటలేదు. ఆ కాలపు పోలీసే అయిన బ్యాట్ మాస్టర్‌సన్ ఇంకా ఘనుడు. ముసలితనంలో న్యూయార్క్‌లో ఉంటూ, అడిగినోడికల్లా తాకట్టు దుకాణంలోని పాత రివాల్వర్ తెచ్చి, పిడికి చంపినోళ్ల లెక్కన్నట్టు గాట్లు చెక్కి, 'నాదే' అని ఇచ్చేవాడని చెప్పుకుంటారు. సర్టిఫికెట్ ఖర్చు కూడా లేదు, మనిషే సర్టిఫికెట్.

మన అడవి అంచున కూడా చట్టం తుపాకి పట్టుకునే తిరిగింది. 1940లో జోడెఘాట్ గుట్టల్లో కొమురం భీంను కాల్చింది నిజాం పోలీసులే. ఆ కాల్చిన తుపాకి మా తాతదే అని మీసం తిప్పిన మనవణ్ని నేనింతవరకు చూడలేదు. అక్కడ కాల్చినోడి ఇనుముకు 44 కోట్లు, ఇక్కడ కాల్చినోడి పేరు చెప్పుకోవడానికే సిగ్గు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆదిలాబాద్ మార్కెట్టే నయం.

కానీ భీం పేరుకు గిరాకీ ఉంది. కాబట్టి రేపో మాపో ఆసిఫాబాద్‌లో ఎవడో ఒకడు గోనెసంచి విప్పి 'భీం తుపాకి' బయట పెడతాడని నాకు భయం. ఆ మహానుభావుడికి ఒక ఉచిత సలహా. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, బాగుచేసినా పేలని పాత తుపాకికే మినహాయింపు. వందేళ్లు దాటిందని గొప్పకు పోతే 1972 పురావస్తువుల చట్టం పట్టుకుంటుంది, దేశం దాటనియ్యదు, లాస్ ఏంజెలిస్ ఆశ వదులుకోవాలి. అందుకని రెండు కాయిదాలు తయారు పెట్టుకోవాలి. ఠాణాలో చూపడానికి, 'ఇది పేలదు సారూ, ఎన్నడూ పేలలే' అని ఒకటి. బేరగాడికి చూపడానికి, 'పేలిందన్నా, భీం చేతులనే పేలింది' అని ఇంకోటి. ఏది ఏ జేబులో ఉందో మరిచిపోకుంటే చాలు.