లండన్ కాకా

సూరత్‌లోని మా లింబాయత్‌లో ఆయన అసలు పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ లండన్ కాకా. తెలంగాణలో కాకా అంటే బాబాయి, గుజరాతీలోనూ బాబాయే. కనుక ఈ పేరు తెలుగు వాడకూ, పక్కనున్న గుజరాతీ కిరాణా కొట్టుకూ ఒకేసారి పాకింది. పద్మశాలీల బిడ్డ. సిరిసిల్ల నుంచి ఒకరి దగ్గర సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి సూరత్ వచ్చి, ఇప్పుడు తనే ఓ ఇరవై సాంచాలకు సేటు అయ్యాడు. మూడేళ్ల కిందట కొడుకును చూడబోయి లండన్‌లో పదిహేను రోజులున్నాడు. అందులో ఒక్క పూట భోజనం ఇంకా అరగలేదు.

ఆ భోజనం రూల్స్ అనే హోటల్లో. కోవెంట్ గార్డెన్ దగ్గర మెయిడెన్ లేన్‌లో 1798లో థామస్ రూల్ అనే ఆయన తెరిచాడు. మొదట్లో ఆల్చిప్పలకు పేరు. లండన్‌లో అన్నిటికన్నా పాత హోటలు తనదేనని చెప్పుకుంటుంది. ఎర్రటి మఖమలు సీట్లు, గోడల నిండా పటాలు, వాటి మధ్య జింక కొమ్ములు. చార్లెస్ డికెన్స్ తిన్నచోటు. డికెన్స్ ఎవరో కాకాకు తెలియదు, కానీ తన ముందు వరుసలో తిని లేచిపోయిన మనిషిలా చెబుతాడు.

కాకాతో పెళ్లికి పోవడం పరీక్ష. బంతిలో పక్కవాడు చారు జుర్రితే, "గక్కడ సప్పుడు రాదు బిడ్డా" అంటాడు. బగారన్నం వడ్డించేవాడు పరుగెత్తితే, "గక్కడ ఉరకరు" అంటాడు. ఆ 'గక్కడ' ఏదని కొత్తవాడెవడైనా అడిగితే ఆ బంతి లేచేదాకా 1798 నడుస్తుంది.

మొన్న ఆదివారం పొద్దున లోచో బండి దగ్గర దొరికిపోయాను. లోచో అంటేనే గుజరాతీలో గడబిడ. ఖమణ్ చేయబోతే పిండి చెదిరిపోయిందనీ, దానికే నూనె, కారప్పొడి, సేవ్ చల్లి అమ్మేశారనీ ఊళ్లో చెప్పుకుంటారు. కాకా జేబులోంచి గ్రే గుడ్డ ముక్క తీశాడు. తన సాంచా మీది శాంపిలే. దాన్ని దులిపి ఒళ్లో పరుచుకున్నాడు. బండివాణ్ని ఫోర్కు, కత్తి అడిగాడు. వాడు ఉల్లిగడ్డ తరిగే కత్తిని తుడిచి, ఎంతో మర్యాదగా అందించాడు. కాకా రెండు చేతులూ గాల్లో పెట్టుకుని లోచో వైపు చూశాడు. మెత్తటి లోచో. కోయడానికి దానికి ఒక ఆకారమంటూ ఉండాలి కదా! చివరికి వేళ్లతోనే తిన్నాడు, కాకపోతే చిటికెనవేలు పైకెత్తి.

"ఇంతకీ గక్కడ ఏం తిన్నవు కాకా?" అన్నాను.

అంతవరకు గలగలా పారిన తాపీ నది ఆగిపోయింది. అసలు సంగతి ఆయన కోడలు, ఎవరికీ చెప్పొద్దంటూ, ఫోన్లో మా ఇంట్లో చెప్పే ఉంది. మెనూలో పుడ్డింగ్ అని కనపడగానే తీపి అనుకుని మురిశాడట. పక్కనే కిడ్నీ అని ఉంది. ఇంగ్లీషువాళ్లు మాంసాన్ని పిండిలో చుట్టి ఆవిరి మీద ఉడికించినా పుడ్డింగే అంటారని కొడుకు చెప్పేసరికి మెనూ మూసేశాడు. చేప తెప్పించుకున్నాడు. ఉప్పూ కారం అందక, అటూ ఇటూ చూసి, కోటు జేబులోంచి మామిడి తొక్కు పొట్లం తీశాడు. నంజుకున్న చప్పుడు మాత్రం రానివ్వలేదు.

"కాకా, ఇండ్ల సిగ్గెందుకు?" అని నాకు తెలిసిన ముచ్చట చెప్పాను. 1689లో జాన్ ఓవింగ్టన్ అనే పాదిరీ ఇంగ్లండులో ఓడెక్కి, మన సూరత్‌లోని ఇంగ్లీషు వ్యాపారుల కోఠీకి వచ్చాడు. అక్కడి భోజనాల బల్ల గురించి 1696లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అందరూ ఒకేచోట కూర్చుని వెండి పళ్లేల్లో తినేవారు. చేతులు కడగడానికి వెండి చెంబు పట్టుకుని ఒక బంట్రోతు నిలబడేవాడు. ఇంగ్లీషు, పోర్చుగీసు, హిందుస్తానీ వంటవాళ్లు ఒక్కొక్కరు. పలావు, కబాబు ఉండేవి. షీరాజ్ వైను కూడా. ఇప్పటి గుజరాత్‌లో ఆ సీసా పెడితే పోలీసులే వడ్డనకొస్తారు. వీటితోపాటు నంజుకోవడానికి మామిడి ఊరగాయ.

కాకా వేళ్లు నాకడం ఆపాడు. "ఎన్నేండ్ల ముందటి మాట?"

"పాదిరీ ఓడెక్కింది రూల్స్‌కు నూట తొమ్మిదేండ్ల ముందు."

కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే ఆళ్లు మన తొక్కు మరిచిపోయిండ్రు. నేను యాది చెయ్యవోయిన." గుడ్డ ముక్కను నిదానంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు కోడలు దాచమన్న తొక్కు కథను కాకాయే ఊరంతా చెబుతున్నాడు. 1798 పోయింది, 1689 వచ్చింది. మీరెప్పుడైనా సూరత్ వస్తే లింబాయత్‌లో ఆయన్ని పట్టుకోవడం కష్టం కాదు. లోచో మాత్రం తినేశాక పలకరించండి. చల్లారితే అది బాగుండదు.