మామయ్య మెసేజికి టీకా తాత్పర్యం

అవతారిక. మేనకోడలు న్యూజెర్సీలో పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. మేనమామ కూచిపూడిలోనే ఉంటాడు. పేర్లతో పని లేదు, కృష్ణా జిల్లాలో వీధికో జత ఇలాంటిది దొరుకుతుంది. డిసెంబరు సెలవులకు వస్తున్నానని ఆమె టిక్కెట్టు ఫోటో పంపింది. ఆయన కళ్లజోడు వెతికి పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో పావుగంట కష్టపడి ఈ కింది మూలాన్ని అనుగ్రహించాడు.

మూలం: "తల్లీ, గన్నవరంలో దిగంగానే ఫోన్ చెయ్యి. అక్కడ ఏదీ ఎక్కమాక, మనోడొస్తాడు. బెంజిసర్కిల్ జోలికి పోవద్దు, గుడివాడ మీదుగా పామర్రొచ్చెయ్యండి. మంచు పడితే కంగారుపడమాక."

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టులో మొదటి సగం మాత్రమే పెట్టుకుంటున్నాడు. కాళిదాసు మేఘసందేశానికి సూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. కూచిపూడిలో ఇప్పుడున్న పెద్దాసుపత్రి పేరూ సంజీవనే. ఈ పోలిక యాదృచ్ఛికమే అయినా, ఆ కావ్యాన్ని తలచుకోవడం మాత్రం యాదృచ్ఛికం కాదు. అందులో పూర్వార్ధమంతా దారి చెప్పడమే. రామగిరి నుంచి అలకాపురికి ఎలా వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నీళ్లు తాగాలో చెప్పి చెప్పి, ఉజ్జయిని చుట్టుదారైనా సరే చూసి వెళ్లమంటాడు యక్షుడు. మామయ్య గుడివాడ మీదుగా రమ్మనడానికి ఇంతకన్నా శిష్టప్రయోగం ఏం కావాలి?

ప్రతిపదార్థం. తల్లీ = ఓ మేనకోడలా. వయసు నలభై దాటినా ఈ సంబోధన చెల్లుతుంది. చెప్పబోయేది సలహా కాదు, ఆజ్ఞ అని ముందుగానే తెలియజేస్తుంది.

గన్నవరంలో = విజయవాడ విమానాశ్రయంలో. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరాన, పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం వేసిన రన్‌వే ఇది. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాదు నుంచి చిన్న విమానాలు నడిపాక జనానికి అలవాటైంది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ వచ్చింది, తరవాత రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది. ఇంతవరకు చరిత్ర. ఇక శ్లేష. కోనసీమలో పి.గన్నవరం అని మరొకటుంది, అక్కడ విమానాలు దిగవు. గుంటూరు వైపు అమృతలూరు దగ్గర మరో కూచిపూడి ఉంది, అక్కడ మామయ్య లేడు. చివరికి పామర్రు కూడా గోదావరి జిల్లాలో ఇంకొకటుంది. అంటే మూడు ఊళ్ల పేర్లకూ రెండేసి అర్థాలు. ఫోనులోని మ్యాపుకు ఈ శ్లేష తెలియదు. పేరు కొట్టగానే మొదట కనిపించిన దాన్ని నొక్కిన అమెరికా పిల్ల ప్రకాశం బ్యారేజి దాటి తెనాలి దారి పట్టడం అసాధ్యమేమీ కాదు. మామయ్య మ్యాపు పిన్ను పంపకుండా మనిషిని పంపడంలోని ఔచిత్యం ఇది.

దిగంగానే = విమానపు చక్రాలు నేలను తాకిన వెంటనే. బ్యాగులు వచ్చాక అని కాదు. హైదరాబాదు నుంచి గన్నవరానికి గాల్లో ఉండేది గంటలోపే. గన్నవరం నుంచి కూచిపూడికి ఏ దారిన వచ్చినా అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ, గంటన్నర సులువుగా పడుతుంది. విమానం కన్నా కారులో ఎక్కువసేపు కూర్చోవాల్సిన ప్రయాణానికి అసలు ప్రణాళిక టిక్కెట్టు కొన్నప్పుడు కాదు, ఈ 'దిగంగానే' దగ్గర మొదలవుతుంది.

ఇక్కడ ఒక శంక. దిగడం అంత నిశ్చయమైన విషయమా? కాదు. చిన్న విమానాశ్రయాల రాకపోకలకు ఋతువులుంటాయి. 2018 డిసెంబరు 4న గన్నవరం నుంచి సింగపూరుకు విమానం ఎగిరింది. సీట్లు నిండకపోతే ఆ లోటు భరిస్తానని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకున్న మీదట వచ్చిన విమానం అది. 2019లో, ఏడాదైనా నిండకుండానే ఆగింది. 2022 అక్టోబరు 31న షార్జా మొదలైంది. కడపలో 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద హైదరాబాదు విమానం మొదలైతే, దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. పుట్టపర్తిలో 1990లో కట్టిన విమానాశ్రయం ఉంది. నవంబరు 23 బాబా పుట్టినరోజు దగ్గరపడితే అక్కడ సందడి, మిగతా రోజుల్లో రన్‌వే పొడుగునా నిశ్శబ్దం. స్కాట్లాండులో బారా అనే దీవిలో అయితే సముద్రపు ఒడ్డునే విమానం దిగుతుంది, టైమ్‌టేబులు పోటుపాట్లను బట్టి రాస్తారు. మన హంసలదీవి మనుషులకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇలాంటి చోట్ల విమానం ఒక్కటే ఋతుధర్మం పాటించదు, దాన్ని నమ్ముకున్న టాక్సీలు కూడా పాటిస్తాయి. పోయినేడు ఉన్న బండి ఈ ఏడు ఉంటుందనుకోవడం వ్యాకరణ విరుద్ధం.

ఏదీ ఎక్కమాక = ఏ వాహనమునూ ఎక్కకుము. 'మాక' కృష్ణా, గుంటూరు వాడుక. 'ఎక్కకు' అంటే వద్దని చెప్పడం, 'ఎక్కమాక' అంటే చెయ్యి పట్టుకుని ఆపడం.

పూర్వపక్షి లేచి అడుగుతాడు: టెర్మినల్ బయట టాక్సీలున్నాయి, ఫోనులో యాప్‌లున్నాయి, రహదారి మీద బస్సులున్నాయి, ఎందుకు ఎక్కకూడదు? సమాధానం ఇది. బస్సు ఉన్న మాట నిజం. సిటీ బస్సులో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు చేరి, అక్కడ పామర్రు మీదుగా చల్లపల్లి, అవనిగడ్డ వెళ్లే బస్సు పట్టుకుంటే కూచిపూడి సెంటర్లోనే దింపుతుంది. భుజాన సంచి ఒక్కటే ఉన్నవాడికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. మేనకోడలికి రెండు సూట్‌కేసులున్నాయి, ఒక్కోటి ఇరవైమూడు కిలోలు. అమెరికా నుంచి గన్నవరం దాకా ఒకే టిక్కెట్టు తీసుకుంది కనక ఇంతదూరం వచ్చాయి. హైదరాబాదు నుంచి విడిగా కొనుంటే పదిహేను కిలోల దగ్గరే పేచీ మొదలయ్యేది. పైగా చేతిసంచిలో గజ్జెలు. ఒక్కో కాలికి కట్టే ఆ ఇత్తడి మువ్వల వరసలు స్కానరు తెర మీద ఎలా కనిపిస్తాయో, సెక్యూరిటీ వారికి విప్పి చూపించి మోగించిన కళాకారులందరికీ తెలుసు. తరంగం ఆడే ఇత్తడి పళ్లెం కూడా ఉంటే ఇంకో పది నిమిషాలు.

ఇక టాక్సీ. ఇక్కడి సూక్ష్మం తిరుగుకిరాయి అనే పదంలో ఉంది. గన్నవరం నుంచి బెజవాడకు వెళ్లిన డ్రైవరుకు మళ్లీ ఎవరో ఒకరు దొరుకుతారు. కూచిపూడి నుంచి రాత్రి తొమ్మిదింటికి గన్నవరం వచ్చేవాడు ఎక్కడ దొరుకుతాడు? ఖాళీగా రావాలి. కనక రానుపోను కిరాయి అడుగుతాడు, అడగనివాడు యాప్‌లో బుకింగు తీసుకుని, ఊరి పేరు చూసి రద్దు చేస్తాడు. తప్పు అతనిదని వ్యాఖ్యాత అనలేడు, ఇంధనం లెక్క అలాంటిది. ఇంకా ఒక విశేషం: టాక్సీల్లో చాలావాటికి డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉంటుంది. ఇరవైమూడు కిలోల సూట్‌కేసు ఒకటి సిలిండరు పక్కన ఇరుక్కుంటుంది, రెండోది ముందు సీట్లో పెద్దమనిషిలా బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. మనుషులు వెనక సీట్లో సర్దుకోవాలి.

మనోడొస్తాడు. ఈ శ్లోకానికి ప్రాణం ఈ పదం.

మనోడు = మనవాడు. చుట్టం కానక్కరలేదు, చాలాసార్లు కాడు కూడా. కులమేదని అడిగితే మామయ్యకే వెంటనే తట్టకపోవచ్చు. మనోడంటే: ఎవరి ఇల్లు ఏ వీధిలో ఉందో తెలిసినవాడు, విమానం రెండు గంటలు ఆలస్యమైనా వెయిటింగు చార్జి అడగనివాడు, డబ్బులు ఇవ్వబోతే ముందు వద్దని తరవాత తీసుకునేవాడు, సిలిండరు లేని బండి ఉన్నవాడు. కొత్త మనిషిని ఎలా గుర్తుపడతాడన్న ప్రశ్న మూలంలో లేదు. ఎందుకంటే ఆమె గుర్తుపట్టక్కర్లేదు, అతనే పడతాడు. బయట గేటు దగ్గర వరసగా హోటళ్ల డ్రైవర్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నిలబడతారు. మనోడి చేతిలో అట్ట ఉండదు. పార్కింగు టోకెను చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపిస్తూ ఉంటుంది, చేతిలో ఫోను, ఫోనులో మామయ్య లైన్లోనే ఉంటాడు. "వచ్చింది బాబాయ్, చూశాను" అంటూ ట్రాలీ లాక్కుంటాడు.

భామాకలాపంలో సత్యభామకూ కృష్ణుడికీ మధ్య మాధవి నడుస్తుంది. లేఖ రాసేది భామ, మోసేది మాధవి. సూత్రధారుడే ఆ పాత్రలోకి వస్తాడు, అందరితో మాట్లాడతాడు, కథ అతని భుజాల మీదే కదులుతుంది. మనోడిది ఆ పాత్రే. ఇది ధ్వని.

బెంజిసర్కిల్ జోలికి పోవద్దు. ఇక్కడ కొత్త వ్యాఖ్యాతలు అభ్యంతరం చెబుతారు: 2020లో ఒకటి, 2021లో ఒకటి, రెండు ఫ్లైఓవర్లు వచ్చాయి కదా, ఇంకా భయమెందుకు? నిజమే. అవి ఏలూరు వైపు నుంచి గుంటూరు వైపు సూటిగా పోయేవారికి వరం. బందరు రోడ్డులోకి తిరగాల్సినవాడు ఫ్లైఓవరు ఎక్కితే కూచిపూడి వెనక్కి పోతుంది, కిందనే పోవాలి. కిందంటే పాత బెంజిసర్కిలే. మామయ్య జ్ఞాపకం పాతదే అయినా నిర్ణయం చెల్లుతుంది.

గుడివాడ మీదుగా. ఇక్కడ పాఠభేదం ఉంది. అదే రోజు అత్తయ్య ఫోనులో "బందరు రోడ్డే మంచిది, ఉయ్యూరు మీదుగా రండి" అంది. మామయ్య పాఠం ప్రకారం గన్నవరం నుంచి ఏలూరు వైపు వెళ్లి, హనుమాన్ జంక్షన్ దగ్గర కుడికి తిరిగి, గుడివాడ దాటి పామర్రు చేరాలి. అత్తయ్య పాఠం ప్రకారం బెజవాడ వైపు వచ్చి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు. మూడో సంప్రదాయం కుర్రకారుది: ఎనికేపాడు దగ్గర దిగి వంద అడుగుల రోడ్డులో తాడిగడప తేలితే బెంజిసర్కిల్ మొహం చూడకుండానే బందరు రోడ్డు ఎక్కొచ్చు. టోల్ గేటు తప్పించుకుందామంటే ఎవరికీ లాభం లేదు, అటు పొట్టిపాడు ఉంది, ఇటు దావులూరు ఉంది. వ్యాఖ్యాత మాత్రం కాలాన్ని బట్టి నిర్ణయించాలంటాడు. డిసెంబరులో కోతలయ్యాక డెల్టా రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు, గుడివాడ దారిలో ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు ఆగాలి. ఉయ్యూరులో చెరకు ఆడే రోజుల్లో ట్రాక్టర్లు బారులు తీరతాయి. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ల పక్షం రోజులూ ఆ ఊరి మధ్యగా బందరు రోడ్డు మీద పోదామనుకోవడం సాహసం.

పామర్రు దగ్గర మాత్రం అన్ని పాఠాలూ ఒక్కటవుతాయి. బెజవాడ, బందరు, గుడివాడ, చల్లపల్లి దారులు కలిసే కూడలి అది. చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే పది కిలోమీటర్లలోపే కూచిపూడి. ఆ కూడలిలో టీ తాగకుండా ఏ మనోడూ ముందుకు పోయినట్టు దాఖలా లేదు.

మంచు పడితే. 2016 డిసెంబరులో విజయవాడ స్టేడియంలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి నాట్యం చేసి గిన్నిస్ పుస్తకం ఎక్కారు. దేశదేశాల నుంచి నర్తకులు రావడానికి సెలవులు కుదిరేది ఆ నెలలోనే. పొగమంచు కుదిరేదీ ఆ నెలలోనే, సంక్రాంతి దాకా ఉంటుంది. చుట్టూ కాలవలు, తడారని చేలు, రాత్రి గాలి ఆడదు, ఆకాశం నిర్మలం. నేల వేడి పైకి పోగానే దాన్నంటుకున్న తేమగాలి చల్లబడి తెల్లటి తెరై నిలుస్తుంది. రన్‌వే కనపడక విమానం పైన చక్కర్లు కొడుతుంది, ఇంధనం చూసుకుని ఒక్కోసారి హైదరాబాదుకే తిరిగిపోతుంది. సత్యభామ ప్రవేశానికి ముందు పట్టే తెరలాంటిది ఇది. కాకపోతే భామ తెర మీదుగా జడ వేసి తన ఉనికి చెబుతుంది, విమానానికి ఆ సౌకర్యం లేదు. అందుకని అనుభవజ్ఞులు తెల్లవారుజాము విమానాన్ని వదిలి పదింటి తరవాత దిగేదాన్ని కొంటారు. మేనకోడలు వెయ్యి రూపాయలు కలిసొస్తాయని పొద్దుటిదే కొంది.

కంగారుపడమాక = నేను పడుతున్నాను, నువ్వు పడకు. ఇందులో వాచ్యం సగమే.

తాత్పర్యం. ఓ మేనకోడలా! విమానం దిగిన చోట నీకు తెలిసినవారు లేరు, తెలియని బండి ఎక్కితే మధ్యలో దింపవచ్చును, దారులు మూడు ఉన్నవి గాని నేను చెప్పినదే దారి, ఆలస్యమైనచో మేము భోజనము చేయక కూర్చుందుము అని భావము. చివరి మాట మూలంలో లేదు. అయినా ఆ ఇంటి సంప్రదాయం తెలిసిన వ్యాఖ్యాత చెప్పక తప్పదు.

ఆ ఉదయం మంచు పడింది. విమానం గన్నవరం మీద మూడుసార్లు తిరిగి హైదరాబాదు పోయింది. లాంజిలో కూర్చున్న మేనకోడలు ఫోను తెరిస్తే మామయ్య నుంచి రెండో శ్లోకం వచ్చి ఉంది: "ఇక్కడ ఎండొచ్చింది. మనోడు గేటు దగ్గరే ఉన్నాడు. అత్తయ్య నీకని ఇచ్చి పంపిన గారెలు తినేశాడు. ఫర్లేదు మళ్లీ వేస్తంది."

ఇందులో తినేశాడు అన్న క్రియకు కర్త ఎవరన్న విషయంలో వ్యాఖ్యాతల మధ్య భేదాభిప్రాయం లేదు.