డాబా మీద చెయ్యేస్తే

1953లో మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. "మద్రాసు మనదే" అన్నవాళ్ళందరూ ఎలాగో సర్దుకున్నారు గానీ, పెరంబూరులో మా పెదనాన్న మాత్రం తన వంతు జాగా అంగుళం కూడా వదల్లేదు. అది ఆయన డాబా.

ఇలాంటి పెద్దమనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు. ఎవరింటికెళ్ళినా మనుషులకంటే ముందు శ్లాబును పలకరిస్తాడు. మా చెల్లెలి పెళ్ళిచూపుల్లో కూర్చున్నంతసేపూ పైకే చూశాడు. బల్లి ఉందేమోనని పెళ్ళికొడుకు తల్లి కుర్చీ జరుపుకుంది. వాళ్ళు చెప్పులేసుకుంటుండగా నాన్నని అడిగాడు, "ఆ మూల చెమ్మ ఎన్నాళ్ళనుంచిరా?"

2024లో సూర్యఘర్ పథకం వచ్చాక, అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, మూడు కిలోవాట్ల సోలారు పెట్టిద్దామన్నాడు. కొలతలకొచ్చిన కుర్రాళ్ళను పెదనాన్న అడిగింది ఒక్కటే. "ఎన్ని చిల్లులు?" ఆరు కాళ్ళు, కాలికి నాలుగు బోల్టులు, మొత్తం 24 అన్నారు. సబ్సిడీ 78,000 అని కూడా చెప్పారు. ఆయన వేళ్ళమీద లెక్కేసి, "అంటే చిల్లుకి 3,250 ఇచ్చి నా డాబాని పొడిపిస్తున్నారన్నమాట" అన్నాడు.

చాదస్తమని కొట్టిపారేద్దామంటే కుదరదు, అదే నా ఏడుపు. మద్రాసు డాబాల్లో శ్లాబు మీద ఇటుకజల్లి, సున్నం కలిపి దిమ్మిస కొట్టి, ఆ పైన మట్టిపెంకులు పరుస్తారు. పెంకుకి చిల్లు పడితే నీళ్ళు జల్లిలోకి దిగి, ఇష్టమొచ్చినంత దూరం పాకి, శ్లాబులో సందు దొరికినచోట కారతాయి. బోల్టు మెట్లపక్కనుంటే చెమ్మ దేవుడిగదిలో తేలుతుంది. ఇక ఎక్కడని వెతుకుతాం?

చిల్లుల్లేకుండా కాంక్రీటు దిమ్మల బరువుతోనే నిలబెడతామన్నారు కుర్రాళ్ళు. "2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు నువ్వే క్లాసు బాబూ?" అన్నాడు. చిల్లు వద్దు, దిమ్మ వద్దు, కరెంటు బిల్లు మాత్రం తగ్గాలి.

ఆఖరికి కాళ్ళు వచ్చే మేర పెంకులూ జల్లీ తవ్వించి, శ్లాబు మీదే కాంక్రీటు పీఠాలు పోయించడానికి ఒప్పుకున్నాడు. ఎర్రజల్లి పోయి బూడిదరంగు శ్లాబు బయటపడగానే చెప్పులు విప్పేసి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఊచలకోసం వేసిన చిల్లులో పొడిని కుర్రాడు నోటితో ఊదబోతే కసిరి, మా ఇంటినుంచి సైకిలు పంపు తెప్పించాడు. పొడి మిగిలితే ఎపాక్సీ పట్టదట. నిజమే, పట్టదు. పంపు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. ఊచలు నిలిపి, పీఠాలు పోసి, వాటి మొదళ్ళలో గచ్చు ఏటవాలుగా తిప్పి, వాటర్‌ప్రూఫింగ్ పూత పీఠం మీదికి జానెడు ఎక్కించేదాకా ఎవరికీ కాఫీ రాలేదు.

తర్వాత డాబా మీద గట్లు కట్టి రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాడు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని కిందవాటా తలుపు తట్టాడు. అద్దెకున్నవాళ్ళు మారుమాట్లాడకుండా మంచం పక్కకి లాగారు. వాళ్ళకిది ప్రతి ఐప్పసి నెల వానలకీ ఉన్నదే.

ఆ నవంబరు 30న ఫెంగల్ తుఫాను ముంచెత్తింది. విమానాశ్రయం కూడా మూసేశారు. అన్నయ్య అక్కడినుంచి కంగారుగా ఫోన్ చేశాడు.

"ప్యానెళ్ళెలా ఉన్నాయి నాన్నా? ఇవాళ ఏమైనా వచ్చిందా?"

"ఒక్క చుక్క రాలేదురా!" అన్నాడు పెదనాన్న, వీధంతా వినబడేలా.