డెబ్ట్ మొదలు కంపెనీ వఱకు: ఒక పంక్తికి టీకాతాత్పర్యములు

అవతారిక — కాళిదాసుని కావ్యత్రయమునకు సంజీవనీవ్యాఖ్యను రచించిన మల్లినాథసూరి మెదకుసీమలోని కొలిచెలమవాఁడు, అనఁగా నేఁటి కొల్చారమువాఁడు, గావున, ఆ సీమకు పొరుగుననే అమీన్‌పూరులో కాపురముండు నావంటివాఁడు దేనికో యొకదానికి వ్యాఖ్య వ్రాయఁబూనుట గాలి సోఁకిన దోషమే గాని సాహసము గాదు. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ఆ మహానుభావుఁడు ప్రతిజ్ఞ చేసియున్నాఁడు. అందు మొదటిదానిని నేనును పాటింతును. రెండవదాని విషయమునఁ బాఠకులు క్షమింతురు గాక.

2016వ సంవత్సరమున జీవవైవిధ్య వారసత్వస్థలమను గౌరవము పొందిన మా పెద్దచెరువు కట్టమీఁదికి ఆదివారపు టుదయములఁ గెమెరాలతో వచ్చి, కొంగలను బాతులను ఆంగ్లనామములతోఁ బిలుచువారు కొందఱు కలరు. వారి సంభాషణము చెవినిఁ బడుటచేతనే మా మేడమీఁది వాటాలోని యువకునకు ఆంగ్లముపైఁ బట్టుదల పుట్టినదని నా యనుమానము. డిప్లొమా ముగించి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని యొక మందుల కంపెనీలో ఇంటర్వ్యూకుఁ బోనున్న యా చిరంజీవి, దినమునకుఁ బది వర్డ్‌మీనింగుల చొప్పున 30 దినములలో ఆ భాషను వశపఱచుకొన నిశ్చయించి, రెండువందల పుటల లాంగు నోటుబుక్కొకటి కొని, తప్పులు దిద్దుఁడని నా చేతఁ బెట్టెను. 17వ దినపు పుటలోని మొదటి పంక్తి యిది.

మూలము — డెబ్ట్: అప్పు, డ్యూటీ: విధి, రిసీప్ట్: రశీదు, కంపెనీ: సహవాసము.

టీక — 'డెబ్ట్' అనుచోట బకారము కంటికిఁ గలదు, చెవికి లేదు; 'డెట్' అని పలుకుటయే సాధువు. "సారూ, పలుకనప్పుడు ఎందుకు రాసుడు?" అని యువకుఁడు నన్నడిగెను. ప్రశ్న న్యాయమైనది. ఫ్రెంచివారినుండి యీ పదము ఇంగ్లండునకు వచ్చిననాఁడు బకారము దాని వ్రాఁతలోఁ గూడ లేదు. లాటినుభాషలోని 'డెబితుమ్' దీనికి మూలమని యెఱిఁగిన పండితులు, తమ యెఱుక లోకమునకుఁ దెలియకపోవునేమో యని, జనుల నోట లేని యక్షరమును కలముతోఁ జొప్పించిరి. రిసీటులోని పకారమునకును పుట్టుక యిట్టిదే. ఆ పండితుల ప్రతిష్ఠకై నాలుగైదు శతాబ్దుల పిమ్మట అమీన్‌పూరు పిల్లవాఁడు సుంకము చెల్లించుచున్నాఁడు. మనము నవ్వుటకును వీలులేదు. ఈ వ్యాసమునందు నేను చల్లిన అరసున్నలను చదువరులలో నెవ్వరు పలుకుచున్నారు? భేదమొక్కటే: అరసున్న యొకప్పుడు పలికి పలికి యూరకున్నది, ఆ బకారమో ఆంగ్లేయుని నోట నెన్నఁడును పలుకలేదు.

'డ్యూటీ' యనఁగా విధి. నిఘంటువును ముందుంచుకొని చూచిన దోషము లేదు. కాని తెలుఁగున విధి యనఁగాఁ గర్తవ్యము మాత్రమే కాదు, బ్రహ్మయు, ఆయన నొసట వ్రాసిన వ్రాఁతయుఁ గూడ నగుటచేత, నోటుబుక్కును నమ్మిన మన యువకుఁడు 'నా విధి బాగులేదు' అను వాక్యమును 'మై డ్యూటీ ఈజ్ నాట్ గుడ్' అని తర్జుమా చేసి ప్రక్కపుటలో వ్రాసికొనియుండెను. ఈ వాక్యము ఇంటర్వ్యూలో వెలువడినచో విధి నిజముగనే బాగుండకపోవును. విచిత్రమేమనఁగా, ఇంట నీతఁడే "మామ నైట్ డ్యూటీ దిగి పండుకున్నడు, మల్ల రేపు ఎక్కుతడు" అని ప్రమాదలేశము లేకుండఁ బలుకును. ఎక్కుటయు దిగుటయు నున్నవి గనుక నీ ప్రాంతమున డ్యూటీని వాహనవర్గమునఁ జేర్పవలసియున్నది.

ఇంకొక రహస్యము. డెట్టునకును డ్యూటీకిని తల్లి యొక్కతియే, బాకీపడియుండుట యను నర్థముగల 'డెబేరే' యను లాటినుధాతువు. తీర్పవలసినది డెట్టు, చేసి తీర్పవలసినది డ్యూటీ. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని పుట్టుకతోడనే మూఁడు బాకీలు నెత్తికెత్తి, వానిని తీర్చుటయే కర్తవ్యమని చెప్పిన మన పెద్దలకీ వ్యుత్పత్తి క్రొత్త గాదు. ఫ్లాటుకై బ్యాంకువాయిదా కట్టుచు నెలకిరువదియాఱు డ్యూటీలు చేయువారికి అసలే క్రొత్త గాదు.

'రిసీప్ట్' రశీదగుట సులభము. తెలుఁగర్థము కావలెనని వెదకఁగా వచ్చిన రశీదు, చేరినది యను నర్థమున పారసీకమునుండి వచ్చిన పదము. ఇట్టి చేరికల కొఱకే బ్రౌనుదొర 1854లో మిశ్రభాషానిఘంటువును ప్రత్యేకముగ నచ్చొత్తించెను.

ఇఁక 'కంపెనీ' సహవాసమఁట! ఈ యర్థము తప్పు గాదు. తప్పు గాకపోవుటయే దీనిలోని తప్పు. తండ్రి కంపెనీలో, మామ కంపెనీలో, తానును కంపెనీ గేటునకే పోనున్నవాఁడు, ఆ పదము నోటుబుక్కులోనికి రాఁగానే దానినెఱుఁగనట్లు నటించి, సహవాసమని వ్రాసికొనెను. నోటనున్న కంపెనీ వేఱు, ఆంగ్లమునందలి కంపెనీ వేఱని యాతని భ్రమ. తాను పుట్టినప్పటినుండి వినుచున్న షిఫ్టు, బ్యాచి, గేటుపాసు, ఓవర్‌టైము ఆతని లెక్కలో నాంగ్లమే కావు! రొట్టె కలిసి తినువారని కంపెనీకి వ్యుత్పత్తి; శ్రీకాకుళమువారు, ఒడియావారు, బీహారువారు ఒక్క బల్లకడఁ గూర్చుండి భుజించు క్యాంటీనులలో నది నేఁటికిని చెల్లుచున్నది. ఆ దారిఁ బోయినచో సహవాసమునకుఁ గూడఁ జేరవచ్చును; నోటుబుక్కు దారి యది కాదు.

విశేషము — అమరకోశము అకారాదిగా లేదు, వర్గములుగా నున్నది. పదము తన చుట్టములతో, తన లింగముతో, శ్లోకపు నడకతో వచ్చును. దానిని వల్లెవేసిన బాలుఁడు మొదట బిగ్గఱగఁ బలికెను, అర్థము తరువాత నెఱిఁగెను. కావున నేనా పుటను మడిచి, మామ యొక దినపు డ్యూటీని పది ఆంగ్లవాక్యములలో వ్రాసి బిగ్గఱగఁ జదువుమంటిని. 'బ్యాచ్ రికార్డు' అను నామమున నూనిక మొదట నుండవలెననియు, రికార్డు చేయుట యను క్రియ యగునపుడు తరువాతి యక్షరమునకు జరుగవలెననియు జెప్పితిని. తెలుఁగున నట్టి యూనిక యర్థమును మార్పదు గావున నాతని చెవి దీనిని వెంటనే పట్టుకొనలేదు. కట్టమీఁద మూఁడు సాయంకాలములు పట్టినది. "గిది మా ఇస్కూల్ల ఎవరు చెప్పలే సారూ" అనెను. ఇస్కూలును దిద్దుటకు నాకు మనసొప్పలేదు.

తాత్పర్యము — ఇంటర్వ్యూలో నీ నాలుగు మాటలలో నొక్కటియు నడుగలేదఁట. ఏ షిఫ్టుకైనను రాఁగలవా యని యడిగిరఁట, వత్తుననెనఁట. సోమవారమునుండి సీ షిఫ్టు, రాత్రి తొమ్మిదింటికి బీరంగూడ కమానువద్ద బస్సు. నోటుబుక్కు నాయొద్దనే యున్నది. 13 దినముల పుటలు తెల్లగ నున్నవి.