'ఇనబడ్తాందా' టీకా తాత్పర్యం

మూలం: "హలో... ఇనబడ్తాందా? కనబడ్తున్ననా?"

అవతారిక: 2020 మార్చి లాక్‌డౌన్ మొదలుకొని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్ళల్లో ఇంతగా పారాయణకు నోచుకున్న వాక్యం ఇంకోటి ఉండదేమో. కర్త తెలియదు, కాలం తెలుసు. హైదరాబాద్ కొలువు ఊరికొచ్చి, పడకగదికే ఆఫీసు వేషం కట్టాల్సి వచ్చినప్పుడు పుట్టింది. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి కాళిదాసుకు టీకలు రాశాడు. ఆయన నియమమే ఇక్కడా చాలు. వీడియోలో బాగా కనబడి, బాగా వినబడే గది ఎలా ఉండాలో ఈ మూడు మాటల్లోనే ఉంది.

ప్రతిపదార్థం: హలో అంటే మంగళాచరణం, టెలిఫోన్‌లో ఈ పిలుపే వాడాలని 1877లో ఎడిసన్ సూచించాడు, గ్రాహంబెల్‌కేమో 'అహోయ్' ఇష్టం. ఇనబడ్తాందా అంటే నా గొంతు మీదాకా వచ్చిందా అని. 'వినిపిస్తోందా' అనేది పుస్తకాల పాఠాంతరం. ఓరుగల్లు నోటికి 'తాంది'యే సహజం కనుక అదే గ్రాహ్యం. కనబడ్తున్ననా అంటే నా మొహం వచ్చిందా అని. ఇక్కడ పదక్రమం చూడండి. వినబడటం ముందు, కనబడటం తర్వాత. ఏదో నోటికొచ్చినట్టు పడ్డ క్రమం అనుకుంటే పరీక్షించుకోవచ్చు: బొమ్మ ఆగినా మీటింగ్ సాగుతుంది, గొంతు ఆగిందా, అవతల అందరూ చెవులు చూపిస్తూ చేతులూపుతారు. గది సర్దుకునేవాళ్ళు మాత్రం వాక్యాన్ని వెనక నుంచి చదువుతున్నారు. వీపు వెనక గోడకు కొత్త రంగు, దాని మీద పెంబర్తి ఇత్తడి నగిషీ, మూలకు పూలకుండీ, మొహానికి రింగ్ లైట్. ఖర్చంతా కెమెరాకు కనబడే ఆ ఒక్క గోడకే. మిగతా మూడు గోడలూ బోసి. గొంతు బాగుపడేదీ, పాడయ్యేదీ ఆ మూడింటి దగ్గరే.

వ్యాఖ్య: దీనికి ప్రమాణం హార్వర్డ్‌లో దొరుకుతుంది. అక్కడ 1895లో తెరిచిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట మీద మాట పడి ఏమీ అర్థం కాకపోతే, సంగతేమిటో చూడమని వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటర్ సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, పరిచి, చప్పుడు ఎంతసేపు నిలుస్తుందో కొలిచి, తెల్లారేసరికి వాపసు చేర్పించేవాడు. ఖాళీ శాలలో ఐదు సెకన్లు దాటి తిరిగిన మోత మెత్తలు పెరిగిన కొద్దీ తగ్గింది. ఆ కొలతల నుంచి ఆయన తేల్చిన సూత్రాన్ని మన గదికి పట్టిద్దాం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. సిమెంటు ప్లాస్టరింగు, స్లాబు, కింద టైల్స్. ఇవి తమను తాకిన ధ్వనిలో నూటికి మూడు వంతులే మింగుతాయనుకుంటే, ఖాళీ గదిలో మోత లెక్క ప్రకారం మూడు సెకన్లకు దగ్గర పడుతుంది. మాట తేటగా ఉండాలంటే అది అర సెకనుకు దిగాలి. మంచం, తలుపు, కిటికీ కొంత తగ్గిస్తాయి గానీ, ఖాళీ గోలెంలో తలపెట్టి మాట్లాడినట్టుండే ఆ డొల్లతనం అంతటితో పోదు.

సాబిన్ మెత్తలకు మన దగ్గర సాటి వచ్చేవి బొంత, గొంగడి. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే ముతక గొంగడిని వెలుతురుకు పట్టి చూడండి: పోగుల మధ్య సన్న సందులు, అరచేతికి గుచ్చుకునే నూగు. ధ్వని అంటే గాలి కదలికే కదా, అది ఆ నూగులో రాసుకుని వేడిగా మారి అణిగిపోతుంది. గోడను ఆనుకున్న చోట గాలికి కదలిక ఉండదు కాబట్టి, గొంగడిని గోడకు అతికించకుండా జానెడు ఎడంగా వేలాడదీయాలి; అప్పుడు బొంగురు మోత కూడా కొంత లొంగుతుంది. ల్యాప్‌టాప్ వెనక, అంటే మీ మొహానికి ఎదురుగా ఒకటి, పక్క గోడకు ఒకటి. దండెం నిండా బట్టలున్నా పనికొస్తాయి. వెలుతురు గురించి టీక పొడవక్కర్లేదు: కిటికీ మొహానికి ఎదురుగా, గొంగడి కప్పేయకుండా ఉండాలి, కెమెరా కళ్ళ ఎత్తులో ఉండాలి. నాలుగు లావు పుస్తకాలతో అయ్యే పని.

ఆక్షేపం: కొలువిచ్చేవాడు చూసేది మొహాన్నే గదా, గొంతు ఎట్లున్నా నడవదా? నడవదు. న్యూమన్, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు ఒకే ప్రసంగాన్ని కొందరికి మంచి ధ్వనితో, కొందరికి చెడు ధ్వనితో వినిపించారు. చెడ్డ ధ్వని విన్నవాళ్ళు వక్తనూ, అతని పరిశోధననూ కూడా తక్కువ కట్టారు; ఇది 2018లో అచ్చయింది. గది చేసిన తప్పును విన్నవాళ్ళు మనిషి ఖాతాలో రాస్తున్నారన్నమాట. ఇంకో ఆక్షేపం బరువైనది: మానుకోటలో (మహబూబాబాద్‌లో) రైలు కూత, భూపాలపల్లిలో ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగు, రేకుల మీద వాన — గొంగడి వీటిని ఆపుతుందా? ఆపదు, ఒప్పుకోవాల్సిందే. బయటి చప్పుడును ఆపేది బరువైన గోడ, సందు లేని తలుపు. కానీ మైకును రెండడుగుల దూరం నుంచి అర అడుగుకు తెస్తే, చుట్టూ ఉన్న రొద అట్లాగే ఉన్నా మీ గొంతు పన్నెండు డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఆ పని రెండు మూడు వందల తీగ ఇయర్‌ఫోన్ కూడా చేస్తుంది. ఇక, ఇత్తడి నగిషీ మన ఊరి గౌరవం, తీసేయమంటారా అనేది మూడో ఆక్షేపం. ఎందుకు తీయాలి? ఉండనివ్వండి, లైటు తళుక్కుమనకుండా కాస్త వాల్చి తగిలించండి.

తాత్పర్యం: కొత్తగా గది సర్దుకునేవాళ్ళు ముందు నడిమధ్యన నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి, రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీటింగ్ ఉందిగదా అని ఇంట్లోవాళ్ళు దండెం మీది బట్టలు తీయబోతే, అయ్యేదాకా ఉండనియ్యమనండి.