'గ్యాసే' సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏం కాదులే, గ్యాసే."

అవతారిక: సింగపూర్, సెరంగూన్ రోడ్డు, ఆదివారం మధ్యాహ్నం. అరిటాకు భోజనం ముగించి ఎమ్మార్టీ స్టేషన్ వైపు నడుస్తున్న ఒకాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. పక్కనున్న పెద్దాయన, అడగకుండానే, ఈ సూత్రం సెలవిచ్చాడు.

ప్రతిపదార్థం సులభం గనక వదిలేస్తున్నాం. కొలిచెలమ మల్లినాథసూరి ఆధారం లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ప్రతిన పట్టిన వ్యాఖ్యాత. ఆ నియమం పెడితే ఈ సూత్రంలో ఒక్క అక్షరమూ మిగలదు.

ప్రమాణం: మహాభారతం అరణ్యపర్వంలో అగస్త్యుడు. ఇల్వలుడు తమ్ముడు వాతాపిని పొట్టేలుగా మార్చి వండి పెట్టిన కథ తెలుగిళ్లలో పసిపిల్లల పొట్ట నిమిరేవాళ్లందరికీ తెలుసు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. ఇల్వలుడు పిలిచినప్పుడు వాతాపి రాలేదు. సంస్కృత మూలం ప్రకారం మహాముని నుంచి మేఘం ఉరిమినట్టు వాయువు వెలువడింది. ఇక్కడ వ్యాఖ్యాతలకు పెద్ద చిక్కు. పేగుల్లో వాయువు పుట్టేది మింగిన గాలివల్ల, లేదా చిన్నపేగు అరిగించలేక పెద్దపేగుకు వదిలేసినదాన్ని బాక్టీరియా పులియబెట్టడంవల్ల. కందిపప్పు, శనగల్లోని రాఫినోజ్ అలాంటిది; కొందరికి పాలలోని లాక్టోజ్ కూడా. మాంసం చాలామటుకు చిన్నపేగులోనే అరిగిపోతుంది. అంటే ఆ ఉరుము రాక్షసుడిది కాదు, పక్కన వడ్డించిన పప్పుది కావచ్చు. ఇల్వలుడి వంటశాల జాబితా ఏ ప్రతిలోనూ దొరకదు.

మళ్లీ సూత్రానికి వద్దాం. అగస్త్యుడు సైతం "గ్యాసే" అని ఊరుకోలేదు, వాతాపి జీర్ణమైపోయాడని కారణం చెప్పాడు.

ఛాతీలో మంట అసలు గ్యాసే కాదు. అన్నవాహిక కింది కొసనున్న బిగువు సడలి, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం అది. నూనె ఓడే పెద్ద భోజనం, తిన్న వెంటనే నడుం వాల్చడం దానికి తోడ్పడతాయి. రాత్రి భోజనానికీ పడకకూ రెండు మూడు గంటల ఎడం, తల వైపు మంచం కాస్త ఎత్తు చాలామందికి ఉపశమనం. అయితే సూత్రకర్త మందు ఎనో. అందులోని సోడియం బైకార్బనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తుంది, దాంతో త్రేన్పు వస్తుంది. "చూశావా, గ్యాసే!" అంటాడాయన. మందు పుట్టించిన వాయువే జబ్బుకు సాక్ష్యమైంది. తర్కశాస్త్రంలో దీనికి ఏ హేత్వాభాసం పేరు సరిపోతుందో పండితులు తేల్చాలి.

విశేషం (ఇక్కడ నవ్వు ఆపాలి): ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం గుండెపోటు కావచ్చు. త్రేన్పు వచ్చినంత మాత్రాన ఆ అనుమానం తీరదు. దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు మిగతావాళ్లకన్నా చిన్న వయసులోనే వస్తోంది. ముస్తఫా దుకాణంలో ఎనో పొట్లం వెతికే సమయంలో అంబులెన్సు కోసం 995కి ఫోన్ చేయొచ్చు. పెద్దాయన మాట కాదనడం మర్యాద కాదని ఆ ఫోన్ ఆగిపోతుంది.

పాఠాంతరం: కొన్ని వాట్సాప్ ప్రతుల్లో "ఏం కాదులే, వేడి చేసింది" అని ఉంది. పొట్లం మాత్రం అదే.