ఇరవై జట్ల నిపుణుడు

2025 ఏప్రిల్ 11, చైత్ర శుద్ధ చతుర్దశి. ఊరూరా నవమినాడు పగటిపూట జరిగే రాములవారి పెండ్లి ఒంటిమిట్టలో మాత్రం నిండు వెన్నెల్లో జరుగుతుంది. ఆ సాయంత్రం కోదండరాముడి కల్యాణానికి ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తెచ్చారు. అదే పూట ఏడు గంటలకు ఇంకో ముహూర్తం ఉంది. చెన్నై చేపాక్ మైదానంలో చెన్నై, కోల్‌కతా జట్లకు టాస్ పడాలి. టాస్ పడి ఆడేవాళ్ల పేర్లు బయటికొచ్చాక మొదటి బంతి పడేదాకా ఉన్న అరగంటలో డ్రీమ్11 యాప్‌లో ‘టీమ్ వేయాలి’. వంద క్రెడిట్లిస్తారు. వాటితో కీపర్లు, బ్యాటర్లు, ఆల్‌రౌండర్లు, బౌలర్లు కలిపి పదకొండు మందిని కొనుక్కోవాలి. కెప్టెన్‌గా పెట్టినవాడి పాయింట్లు రెండింతలవుతాయి, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. కెప్టెన్ రుతురాజ్‌కు దెబ్బ తగిలి ధోనీ మళ్లీ పగ్గాలు పట్టిన మ్యాచ్ అది. సీమలో చెన్నై అభిమానానికి కొదవలేదు, పైగా ఈ యాప్‌కు 2018లో ప్రచారకర్తగా కుదిరింది కూడా ఆ ధోనీయే. ఇంతకు మించిన శకునం ఏముంటుంది? ఆయన్నే కెప్టెన్‌గా పెట్టారు. ధోనీ నాలుగు బంతులాడి ఒక్క పరుగుకే కోల్‌కతా ఆటగాడు నరైన్ బంతికి ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. ఒకటిని రెండింతలు చేస్తే రెండు. చెన్నై తొమ్మిది వికెట్లకు 103 దగ్గర ఆగిపోయింది. 13 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసిన నరైనే, తర్వాత 18 బంతుల్లో 44 బాది ఆట ముగింపుకు తెచ్చాడు.

ఓడినవాళ్లను గేలి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఓటమి ఏ ఆటలోనైనా ఉంటుంది. గేలి చేయాల్సింది ఈ వ్యవహారం మొత్తానికి తగిలించిన బోర్డును. ‘ఇది జూదం కాదు, నైపుణ్యం’ అన్నది ఆ బోర్డు. ఆ నైపుణ్యాన్ని కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. రెండు జట్ల ఇరవై రెండు మందిలోంచి పదకొండు మందిని ఏరడానికి 7,05,432 దారులున్నాయి. ఒక్కో దారిలో కెప్టెన్‌నూ వైస్ కెప్టెన్‌నూ పెట్టే తీర్లు 110. హెచ్చవేస్తే 7,75,97,520. క్రెడిట్ల లెక్కా, ఫలానా రకం ఆటగాళ్లు ఇంతమంది ఉండాలన్న నిబంధనా కలిసి అందులో కొన్నింటిని కొట్టేస్తాయనుకున్నా, మిగిలే అడవి చిన్నదేం కాదు. ఆ అడవిలో మన నిపుణుడు ఏం చేస్తాడు? ఒక జట్టు వేసి, చేతులు కట్టుకుని, తన విద్య మీద నమ్మకంతో కూర్చోడు. ఒకే పోటీలోకి ఇరవై జట్ల దాకా దించొచ్చు కాబట్టి దించుతాడు. ఒకదాంట్లో ధోనీ కెప్టెన్, ఇంకోదాంట్లో నరైన్, మరోదాంట్లో ఇద్దరూ లేరు. ప్రతిదానికీ అప్పట్లో విడిగా 49 రూపాయలు. మన సీమలో టెంకాయను అరచేతిలో నిలబెట్టుకుని పొలమంతా తిరిగి బోరు పాయింటు చూపే పెద్దమనిషి ఉంటాడు. ఆయన శాస్త్రాన్ని ఎవరైనా శంకించొచ్చు గాని, ఒకే చెక్కలో ఇరవై చోట్ల సున్నం చల్లి, ఏదో ఒకదాంట్లో చెమ్మ తగలగానే ‘చూశారా నా విద్య’ అనడు. అన్నాడంటే రైతు ఆ టెంకాయను అక్కడే కొడతాడు, దేవుడికి కాదు.

ఈ ఆట అమ్మగారిల్లు అమెరికా. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, కొందరు మిత్రులు బేస్‌బాల్ ఆటగాళ్లను పంచుకుని ఆడిన లీగు నుంచే ఇప్పటి ఊహాజట్ల వ్యాపారం చాలావరకు పెరిగింది. న్యూయార్క్‌లో వాళ్లు కూడి భోంచేసిన రొటిసెరీ అనే హోటల్ పేరే ఆ లీగుకూ పెట్టారు. ఆ పద్ధతిలో ఒక కీలకం ఉంది. ఒక ఆటగాణ్ణి ఒకరు తీసుకుంటే ఇంకొకరికి దొరకడు. కోరుకున్నవాడు చేజారితే అంతకంటే తక్కువవాళ్లలో మంచివాణ్ణి పోల్చుకోవాలి. ఆ జట్టునే సీజనంతా మోయాలి, గాయపడినవాడికి బదులు వెతకాలి, పక్కవాడితో బేరమాడి మార్చుకోవాలి. నైపుణ్యానికి అక్కడ పని ఉంది, ఎందుకంటే ఎంపికకు ఖరీదు ఉంది. మన యాప్‌లో ఆ కీలకాన్నే పీకేశారు. లక్షమంది ఒకేసారి కోహ్లీని తీసుకోవచ్చు, లక్షమందీ ఆయన్నే కెప్టెన్ చేయొచ్చు. ఆట తెలిసినవాళ్లందరూ ఎంచుకునే తొమ్మిది మంది ఎలాగూ వాళ్లే. కాబట్టి మొదటి బహుమతి ఎవరిదో తేలేది, ఎవరూ పెట్టని ఆ ఒకరిద్దరి దగ్గర. దాన్నే ‘డిఫరెన్షియల్ పిక్’ అంటారు. తెలుగులో చెప్పాలంటే, చీకట్లో విసిరిన రాయి. అందరికీ తెలిసిన విషయం గెలిపించదు. ఎవరికీ తెలియనిది గెలిపిస్తుంది, అది గెలిచినవాడికీ ముందు తెలియదు. 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చి పడ్డాక ఎవరు బ్యాటు పడతారో, ఎవరు బెంచీకి పోతారో కోచ్‌కే సగం ఓవర్లదాకా తేలదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘హండ్రెడ్ పర్సెంట్ విన్నింగ్ టీమ్’ అమ్మేవాళ్లకు మాత్రం మధ్యాహ్నమే తేలిపోతుంది. అంత తెలిసినవాడు ఆ జట్టును ఊరికి పంచకుండా తానే వేసుకోవచ్చు కదా అని ఎవరూ అడగరు.

‘కోర్టులే నైపుణ్యమన్నాయి, మీరెవరు?’ అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు డ్రీమ్11ను నైపుణ్యపు ఆటే అంది. ఆ వాదనకు తాతలాంటిది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచి 1967లో తేలిన ఆ కేసులో, ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యమేనని సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, రమ్మీలో ముక్క ముక్కకూ బుర్ర పనిచేస్తుంది. ఇక్కడ మొదటి బంతి పడగానే బుర్రకు సెలవు, మిగిలింది చూస్తూ గోళ్లు కొరుక్కోవడం. ఆ తీర్పులోనే ఇంకో మాటుంది. పందెం మీద ఆడే ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం తీస్తుంటే అది నేరం కావచ్చు. తీర్పును తలమీద పెట్టుకుని ఊరేగే వకీళ్లు ఆ వాక్యం దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నైపుణ్యం మాట పక్కనపెట్టి డబ్బు పందేలను ఆపేశాయి. దాంతో మన నిపుణుడికి కొత్త విద్య అబ్బింది. ఫోన్‌లో దొంగ జీపీఎస్ పెట్టి, కాళ్లు ఒంటిమిట్టలో ఉంచి వేలు బెంగళూరులో ఆడించడం. ఈ వ్యవహారం మొత్తంలో నిజంగా నేర్చుకుంటే తప్ప రానిది అదొక్కటే.

ఇంకో మాట అంటారు. అసలు సెలెక్టర్లు మాత్రం ఊహించడం లేదా? ఊహిస్తారు, తప్పుతారు కూడా. 2019 ప్రపంచకప్‌కు గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ నేతృత్వంలోని కమిటీ అదే గుంటూరు అంబటి రాయుడిని పక్కనపెట్టి, మూడు కోణాల్లో పనికొస్తాడని విజయ్ శంకర్‌ను తీసుకుంది. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలకు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీట్ చేశాడు. దేశమంతా నవ్వింది, ప్రసాద్ ఏళ్ల తరబడి సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. ఎంపిక అంటే అది. ఒకణ్ణి తీసుకుంటే ఇంకొకడు ఇంట్లో కూర్చుంటాడు, తీసుకున్నవాడు పేరుతో సహా నిలబడి మాట పడతాడు. ఇరవై జట్లు వేసినవాడికి ఆ బాధ లేదు, ఓడిన పంతొమ్మిదింటినీ మరిచిపోయి గెలిచిన ఒక్కదాని స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెడతాడు. ఎంపిక ఫలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన కడప జిల్లా ఎర్రమల్లె అమ్మాయి శ్రీచరణినే తీసుకోండి. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తన తొలి అంతర్జాతీయ టీ20లోనే 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. ఆ ఏడాది ప్రపంచకప్‌లో 14 వికెట్లు. ఎవరో ఆమె బౌలింగ్‌ను ఎండలో నిలబడి చూశారు, ఎడమచేతి తిప్పుడును పోల్చుకున్నారు, పైకి పంపారు. ఆ చూపుకు క్రెడిట్లు లేవు, టాస్ తర్వాత అరగంట గడువూ లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం వచ్చి డబ్బు పందేలు దేశమంతటా ఆగిపోయాయి. ఆట ఉండిపోయింది, వంద క్రెడిట్లు, కెప్టెన్‌కు రెండింతలు అలాగే ఉండిపోయాయి. తీసేసింది డబ్బును మాత్రమే. పులిజూదం పైసా లేకుండానే అరుగుల మీద తరాలపాటు నడిచింది, చదరంగం ఇప్పటికీ నడుస్తోంది. నైపుణ్యం చెక్కుచెదరకుండా ఉన్న ఈ ఆట మాత్రం, సంస్థ అధినేత హర్ష్ జైన్ నోటి మాటగానే, 95 శాతం ఆదాయాన్ని రాత్రికి రాత్రే పోగొట్టుకుంది. బెంగళూరులో ఉన్నట్టు నటించిన ఫోన్లు కొన్ని మళ్లీ ఒంటిమిట్టకు తిరిగొచ్చాయి. మిగతావి ఈసారి ఏ దేశంలో ఉన్నట్టు చెబుతున్నాయో వాటి యజమానులకే ఎరుక.